ఒక్కరి వల్ల కాని పుస్తకం

ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్‌కు ‘ఫిన్నెగన్స్ వేక్’ నవల రాయడానికి 17 ఏళ్లు పట్టింది. కాలిఫోర్నియాలో కొందరు మిత్రులు దాన్ని కలిసి చదవడానికి 28 ఏళ్లు పట్టింది. చూపు తగ్గిపోతున్న కళ్లతో ఒక మనిషి రాసిన ఆ పుస్తకం చుట్టూ వందేళ్లుగా చేరుతూ వచ్చిన స్నేహితుల కథ ఇది.

1930 చలికాలం. ప్యారిస్‌లో కాజిమిర్ పెరియే వీధిలోని పాల్ లియోన్ ఇల్లు. గదిలో ముగ్గురున్నారు. చేతుల కుర్చీలో వాలి సిగరెట్టు కాలుస్తున్నాయన జేమ్స్ జాయిస్. లియోన్ దగ్గర ఇంగ్లీషు ప్రతి ఉంది. కవి ఫిలిప్ సూపో దగ్గర ఫ్రెంచి ప్రతి ఉంది. లియోన్ ఒక వాక్యం పైకి చదువుతాడు. దాని ఫ్రెంచి రూపాన్ని సూపో చదువుతాడు. ఎవరో ఒకరు ‘ఆగండి, ఇక్కడ ఏదో తగ్గింది’ అంటారు. ఆ మాట కడుపులో ఇంకే మాట ఉందో జాయిస్ విప్పి చెబుతాడు. ఆ రెండో అర్థం పోకుండా ఫ్రెంచి మాట కోసం ముగ్గురూ వెతుకుతారు. దొరికితే పైకి చదివి, చెవికి ఎలా వినిపిస్తుందో చూసుకుంటారు. మళ్లీ తర్వాతి వాక్యం.

ఒక్కో విడత మూడు గంటలు. అలా పదిహేను విడతలు కూర్చున్నారు. అంతా ఒకే అధ్యాయంలోని కొద్ది పేజీల కోసం. అప్పటికే ఆ పేజీలకు యువ రచయిత శామ్యూల్ బెకెట్, ఆయన స్నేహితుడు అల్‌ఫ్రెద్ పెరోన్ కలిసి మొదటి చిత్తుప్రతి తయారుచేశారు. పత్రికా సంపాదకుడు యూజీన్ జోలాస్, కవి ఐవన్ గోల్ దాన్ని దిద్దారు. సూపో, లియోన్‌ల పని ముగిశాక జోలాస్, పుస్తకాల దుకాణం నడిపే ఆద్రియెన్ మోనియే ఇంకోసారి చూశారు. 1931 మే నెలలో ‘నూవెల్ రెవ్యూ ఫ్రాన్సేజ్’ పత్రికలో అది అచ్చయింది. ఇంతమంది చేతులు పడితే గాని కొన్ని పేజీలు కదలలేదు. అదీ రాసినాయన ఎదురుగా కూర్చుని ఉండగా.

ఆ పేజీలు ‘ఫిన్నెగన్స్ వేక్’ లోనివి. ఇంగ్లీషు సాహిత్యంలో అత్యంత కష్టమైన నవల ఏదని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు ఇదే. కొనుక్కుని, నాలుగు పేజీలు తిప్పి, అలమరలో పెట్టేసినవాళ్లే చాలామంది. వాళ్ల తెలివిని తప్పుపట్టాల్సిన పనిలేదు. తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చుంటే ఈ పుస్తకం పలకదు. పదిమంది మధ్య పుట్టింది కాబట్టి పదిమంది మధ్యనే పలుకుతుంది. దీని చరిత్ర అడుగడుగునా చెప్పేది ఈ మాటే.

రాత్రి గురించిన పుస్తకం

1922 ఫిబ్రవరి 2న, సరిగ్గా తన నలభయ్యో పుట్టినరోజున, జాయిస్ చేతికి ‘యులిసెస్’ నవల అందింది. ప్యారిస్‌లో ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ అనే చిన్న పుస్తకాల దుకాణం నడిపే సిల్వియా బీచ్ దాన్ని ప్రచురించింది. డబ్లిన్ నగరంలో ఒకే ఒక్క రోజు, 1904 జూన్ 16, ఆ నవలకు కాలం. పగటి కథ అయిపోయింది కాబట్టి ఇక రాత్రి కథ రాయాలని జాయిస్ అనుకున్నాడు. 1923 మార్చి 10న కొత్త పుస్తకానికి మొదటి రెండు పేజీలు రాశాడు. అక్కడ మొదలైన పని 1939 మే 4న గాని అచ్చులోకి రాలేదు.

నిద్రలో మాటలు పగటిపూట ఉన్నట్టు ఉండవు. ఒక మాట ఇంకో మాటలోకి కారిపోతుంది. ఒక ముఖం మీద ఇంకో ముఖం కనిపిస్తుంది. ఆ స్థితికి తగిన భాష ఉన్న భాషల్లో లేదని జాయిస్ తానే ఒకటి తయారుచేసుకున్నాడు. వెన్నెముక ఇంగ్లీషే. రక్తమాంసాల్లో మాత్రం ఐరిష్, లాటిన్, జర్మన్, ఇటాలియన్, ఫ్రెంచి, డేనిష్ మొదలుకుని పదుల భాషలున్నాయి. ఒక్కో పదం రెండు మూడు అర్థాలు మోస్తూ నడుస్తుంది.

కథ అంటూ లేకపోలేదు. డబ్లిన్ శివారు చాపెలిజాడ్‌లో ఒక సారాయి దుకాణం నడిపే ఇయర్‌వికర్, అతని భార్య అన్నా లివియా, కవల కొడుకులు షెమ్, షాన్, కూతురు ఇస్సీ. అతను ఏదో తప్పు చేశాడని ఊళ్లో పుకారు పుడుతుంది. ఆ పుకారు నోటినోటికీ మారుతూ లోకమంతా తిరుగుతుంది. పేరు ఒక జానపద గీతం నుంచి వచ్చింది. నిచ్చెన మీది నుంచి పడి చనిపోయిన టిమ్ ఫిన్నెగన్ అనే కూలీ, శవజాగారంలో తన మీద విస్కీ చిలికేసరికి లేచి కూర్చుంటాడు. ‘వేక్’ అంటే శవం పక్కన చేసే జాగారం. మేలుకోవడం కూడా అదే మాట. పడటం, లేవడం. పుస్తకమంతా ఆ రెంటి మధ్యే ఊగుతుంది.

ఆ పడిపోవడం మొదటి పేజీలోనే ఒక ఉరుముగా వినిపిస్తుంది. వంద అక్షరాల ఒకే ఒక్క పదం అది. చదవడానికి ప్రయత్నిస్తే నాలుక తొట్రుపడుతుంది. గట్టిగా పలికితే మాత్రం ఆకాశం ఫెళఫెళమంటుంది. విడదీసి చూస్తే గ్రీకు, జపనీస్, ఇటాలియన్, పోర్చుగీస్, డేనిష్ వంటి భాషల్లో ఉరుముకున్న పేర్లు అందులో వరసగా కూర్చుని ఉంటాయి. ఇలాంటి ఉరుములు పుస్తకంలో పది ఉన్నాయి. తొమ్మిదింటిలో వందేసి అక్షరాలు, పదోదానిలో నూట ఒకటి. అన్నీ కలిపితే వెయ్యిన్నొకటి.

కళ్లకు బదులు మనుషులు

ఈ పుస్తకం రాస్తున్న ఏళ్లన్నిటా జాయిస్‌కు చూపు సరిగ్గా లేదు. 1917లో జ్యూరిక్‌లో మొదటి కంటి ఆపరేషన్ జరిగింది. తర్వాత ఒకదాని వెంట ఒకటి, మొత్తం పదికి పైగానే జరిగాయి. పెద్ద కాగితాల మీద లావుపాటి రంగు పెన్సిళ్లతో రాసుకునేవాడు. 1929లో అన్నా లివియా అధ్యాయం చివరి భాగాన్ని తన గొంతుతో రికార్డు చేయించడానికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, ఆయన కోసం ఆ పేజీలను చాలా పెద్ద అక్షరాలతో తయారుచేయవలసి వచ్చింది. అయినా పక్కనుంచి ఒకరు అందివ్వక తప్పలేదు. ఆ రికార్డు నేటికీ ఉంది. అది విన్నవాళ్లకు మొదట తట్టేది ఒకటే: కాగితం మీద ముళ్లకంచెలా కనిపించిన భాష గొంతులో పడగానే నీళ్లలా పారుతోంది.

చూపు లేని రచయితకు స్నేహితులే కళ్లయ్యారు. ఆయనకు కావలసిన పుస్తకాలు చదివిపెట్టేవాళ్లు, చెబుతుంటే రాసేవాళ్లు, నకళ్లు తీసేవాళ్లు, ప్రూఫులు దిద్దేవాళ్లు ఎప్పుడూ చుట్టూ ఉండేవారు. 1928లో పరిచయమైన పాల్ లియోన్ వాళ్లందరిలోకీ దగ్గరివాడు. రష్యా నుంచి వలస వచ్చిన యూదుడు, న్యాయశాస్త్రం చదివిన పండితుడు. పైసా జీతం లేకుండా పదేళ్లకు పైగా జాయిస్ ఉత్తర ప్రత్యుత్తరాలు, ప్రచురణకర్తలతో బేరాలు, చిల్లర పనులు అన్నీ నెత్తిన వేసుకున్నాడు.

ఆ రోజుల్లోని బెకెట్ గురించి ఒక ముచ్చట ఉంది. జాయిస్ చెబుతుంటే రాసుకుంటున్నాడు. మధ్యలో ఎవరో తలుపు తట్టారు. బెకెట్‌కు వినిపించలేదు. జాయిస్ ‘లోపలికి రండి’ అన్నాడు. బెకెట్ అదీ రాసేశాడు. తర్వాత చదివి వినిపించినప్పుడు ఈ ముక్క ఎక్కడిదని జాయిస్ అడిగి, సంగతి తెలిసి, అలాగే ఉండనివ్వమన్నాడని చెబుతారు. తన పుస్తకంలోకి పక్కవాళ్ల అలికిడి కూడా రావడం ఆయనకు ఇష్టం.

లండన్‌లో ఉండి ఏళ్ల తరబడి ఆయన కుటుంబాన్ని తన డబ్బుతో నిలబెట్టిన హారియట్ షా వీవర్‌కు ఈ కొత్త రాత అంతుపట్టలేదు. 1926లో జాయిస్ ఆమెకు ఒక వింత ఉత్తరం రాశాడు. ‘దర్జీకి బట్ట ఇచ్చి కుట్టించుకున్నట్టు నాకు ఒక రచన పురమాయించండి’ అన్నది దాని సారాంశం. ఉత్తర ఇంగ్లండ్‌లోని పెన్‌రిత్ చర్చి ఆవరణలో ‘రాక్షసుడి సమాధి’ అని పిలిచే పాత రాళ్లున్నాయి. ఆమె వాటి గురించిన చిన్న పుస్తకం పంపి, దీని మీద రాయమంది. జాయిస్ ఆ పురమాయింపు మీద రాసిన ముక్కే ఇవాళ నవలకు మొదటి పేజీ. దానితోపాటు ఏ మాటలో ఏముందో వివరిస్తూ ఒక పట్టిక కూడా పంపాడు. ‘ఫిన్నెగన్స్ వేక్’కు మొట్టమొదటి టీక ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరం.

అందరూ మెచ్చుకోలేదు. ‘యులిసెస్’ను భుజాన మోసిన కవి ఎజ్రా పౌండ్ ఇది తనకు అర్థం కాదని చెప్పేశాడు. సొంత తమ్ముడు స్టానిస్లాస్ విసుక్కున్నాడు. మిస్ వీవర్ కూడా ఒక దశలో తన సందేహాన్ని దాచుకోలేకపోయింది. జాయిస్ కుంగిపోయాడు. 1927లో పని మధ్యలో వదిలేసి మిగిలినది కవి జేమ్స్ స్టీఫెన్స్ చేత రాయించాలన్న ఆలోచన దాకా వెళ్లాడు. స్టీఫెన్స్ కూడా తాను పుట్టిన రోజునే డబ్లిన్‌లోనే పుట్టాడని ఆయన నమ్మకం. స్టీఫెన్స్ కాదనలేదు. అవసరమైతే చేతనైన సాయం చేస్తానని మాట ఇచ్చాడు, కానీ మీ పుస్తకం మీరే పూర్తిచేస్తారని ధైర్యం చెప్పాడు. ఆ మాట చాలింది.

1929లో పన్నెండుమంది రచయితలు ఇంకా పూర్తికాని ఈ పుస్తకాన్ని సమర్థిస్తూ వ్యాసాల సంకలనం తెచ్చారు. అందులో మొదటి వ్యాసం బెకెట్‌ది, ఆయన అచ్చులో చూసుకున్న తొలి రచనల్లో ఒకటి. యూజీన్ జోలాస్ తన ‘ట్రాన్సిషన్’ పత్రికలో 1927 నుంచి ఈ నవల భాగాలను అచ్చువేస్తూ వచ్చాడు. అన్నాళ్లూ అది ‘జరుగుతున్న పని’ అనే అర్థం వచ్చే పేరుతోనే నడిచింది. అసలు పేరు జాయిస్ భార్య నోరాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పగలిగినవాళ్లకు వెయ్యి ఫ్రాంకులు ఇస్తానని జాయిస్ స్నేహితులతో పందెం కాసేవాడు. 1938 వేసవిలో జోలాస్ ఆ పేరు పట్టేశాడు. జాయిస్ ముఖం వెలవెలబోయింది. కొద్ది రోజులకు పది ఫ్రాంకుల నాణేలు నింపిన సంచీతో జోలాస్ ఇంటికి వచ్చి పందెం చెల్లించాడు.

ఆ గదిలోని వాళ్లు ఏమయ్యారు

పుస్తకం బయటికి వచ్చిన నాలుగు నెలలకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చదివేవాళ్లకు వ్యవధి లేదు. అంతలో జాయిస్ కొడుకు సంసారంలో వచ్చిన తగాదా వల్ల జాయిస్‌కూ లియోన్‌కూ మాటలు ఆగిపోయాయి. 1940 వేసవిలో ప్యారిస్ జర్మన్ల చేతికి చిక్కింది. ఊరు వదిలిన ఇద్దరూ సెంజెరాన్ ల పుయీ అనే పల్లెటూళ్లో మళ్లీ ఎదురుపడ్డారు. మనస్పర్థ మరిచిపోయారు. ఆ వేసవిలో వాళ్లిద్దరూ చేసిన పని, ‘ఫిన్నెగన్స్ వేక్’ ముందేసుకుని అచ్చుతప్పులు వెతకడం. దేశం కూలిపోతున్న రోజుల్లో ఇద్దరు మిత్రులు ఒక పుస్తకం మీదకు వంగి కామాలు, అక్షరాలు సరిచూసుకున్నారు. రాసినాయన తన పుస్తకాన్ని ఒక స్నేహితుడితో కలిసి చివరిసారి చదివింది అప్పుడే కావచ్చు.

జాయిస్ కుటుంబం ఆ డిసెంబరులో స్విట్జర్లాండ్ చేరింది. లియోన్ ప్యారిస్ తిరిగి వెళ్లాడు. జాయిస్ ఖాళీ చేయని అద్దె ఇంట్లో ఆయన కాగితాలు, పుస్తకాలు ఉండిపోయాయి. లియోన్ ఆ ఇంట్లోకి వెళ్లి కాగితాలు బయటికి తెచ్చాడు. బాకీ కింద ఇంటి యజమాని సామాను వేలం వేస్తే, వెళ్లి కొన్నిటిని తన డబ్బుతో పాడుకున్నాడు. ఉత్తరాలను కవర్లలో సర్ది ప్యారిస్‌లోని ఐర్లండ్ ప్రతినిధి కౌంట్ ఓ’కెల్లీకి అప్పగించాడు. తనకేమైనా అయితే డబ్లిన్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేర్చమని కోరాడు.

జాయిస్ 1941 జనవరి 13న జ్యూరిక్‌లో కన్నుమూశాడు. ఆయనకు 58 ఏళ్లు. ఆ ఆగస్టులో ఒక రోజు బెకెట్‌కు ప్యారిస్‌లో లియోన్ కనిపించాడు. యూదుల కోసం గాలింపు జరుగుతోంది, వెంటనే వెళ్లిపొమ్మని బెకెట్ బతిమాలాడు. రేపు మా అబ్బాయికి పరీక్ష ఉంది, అది అయ్యాక వెళతానన్నాడు లియోన్. మర్నాడే పట్టుకుపోయారు. 1942 ఏప్రిల్‌లో ఔష్విట్జ్‌లో ఆయన ప్రాణం పోయింది.

బెకెట్‌తో కలిసి మొదటి ఫ్రెంచి చిత్తుప్రతి రాసిన పెరోన్ నాజీలకు వ్యతిరేకంగా రహస్య దళంలో పనిచేశాడు. బెకెట్‌ను అందులోకి తెచ్చింది ఆయనే. 1942 ఆగస్టులో పెరోన్ దొరికిపోయాడు. ఆయన భార్య పంపిన హెచ్చరిక అందడం వల్ల బెకెట్ తప్పించుకోగలిగాడు. మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరం నుంచి విడుదలై స్విట్జర్లాండ్ చేరుతూనే, 1945 మే 1న పెరోన్ మరణించాడు.

లియోన్ కాపాడిన కాగితాలు డబ్లిన్ చేరాయి. జాయిస్ పోయిన యాభై ఏళ్లదాకా తెరవకూడదన్న షరతు మీద భద్రంగా ఉండి, 1991లో వెలుగు చూశాయి. ఇవాళ ఏ పరిశోధకుడు వాటిని తిరగేసినా, వాటి వెనక ఒక స్నేహితుడి ప్రాణం ఉంది. ‘ఫిన్నెగన్స్ వేక్’ మేధావుల వినోదమని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు లియోన్, పెరోన్ గుర్తొస్తారు.

ఉత్తరాల మీద నడిచిన చదువు

రచయిత లేడు. అడిగితే చెప్పేవాళ్లు చెల్లాచెదురయ్యారు. ఇక చదవడం ఎలా? ఇక్కడ కూడా జంటలే ముందుకొచ్చాయి. 1944లో జోసెఫ్ క్యాంప్‌బెల్, హెన్రీ మోర్టన్ రాబిన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు కలిసి మొదటి సమగ్రమైన దారిచూపు పుస్తకం తెచ్చారు. తర్వాతి కాలంలో పురాణగాథల వ్యాఖ్యాతగా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న క్యాంప్‌బెల్ ఈయనే.

కనెటికట్ రాష్ట్రంలో ఇల్లు చూసుకుంటూనే అడెలిన్ గ్లాషీన్ నవలలో వచ్చే మనుషుల పేర్లన్నీ ఏరి పట్టిక కట్టడం మొదలుపెట్టింది. నాటకకర్త థార్న్‌టన్ వైల్డర్‌కూ ఈ పుస్తకమంటే తీరని మోజు. 1950 నుంచి 1975లో వైల్డర్ పోయేదాకా ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. ఒకరికి ఒక పేరు దొరికితే వెంటనే ఇంకొకరికి ఉత్తరం వెళ్లేది. 1956లో ఆమె పట్టిక పుస్తకంగా వచ్చింది. తర్వాత రెండుసార్లు పెంచి రాసింది. మనుషుల జనాభా లెక్కలు తీసినట్టు ఒక నవలకు జనాభా లెక్కలు తీసిన పుస్తకం అది.

1962లో క్లైవ్ హార్ట్, ఫ్రిట్జ్ సెన్ ఈ ఒక్క నవల కోసమే ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. ఒక పాఠకుడు ఒక వాక్యంలో నార్వే మాట కనిపెట్టి రాస్తే, ఇంకొకడు అదే వాక్యంలో బైబిల్ వినిపించిందని రాసేవాడు. ఇలా పోగుపడిన దానిని 1980లో రోలండ్ మెక్‌హ్యూ ఒక టీకాగ్రంథంగా పేర్చాడు. నవలలో ఏ పేజీకి టీకలో అదే పేజీ. ఏ పంక్తికి వివరణ ఆ పంక్తి ఉన్నచోటే. మెక్‌హ్యూ సాహిత్యం చదివినవాడు కాదు, కీటక శాస్త్రం చదివినవాడు.

ఒక గృహిణి, ఒక నాటకకర్త, ఒక కీటక శాస్త్రజ్ఞుడు. ఎవరి చూపు వాళ్లది. ఎవరికి తెలిసింది వాళ్లు తెచ్చి మధ్యలో పెట్టారు. ఈ పుస్తకానికి గురుపీఠం లేదు.

చివరి పేజీ తర్వాత మొదటి పేజీ

జ్యూరిక్ జాయిస్ ‘యులిసెస్’లో చాలా భాగం రాసిన ఊరు, ప్రాణం విడిచిన ఊరు. ఫ్లుంటెర్న్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఆ ఊళ్లో 1985లో ఫ్రిట్జ్ సెన్ సారథ్యంలో జాయిస్ పేరిట ఒక సంస్థ ఏర్పడింది. అక్కడ వారం వారం కూర్చుని ‘ఫిన్నెగన్స్ వేక్’ చదువుతారు. మొదటి చుట్టు పూర్తికావడానికి 11 ఏళ్లు పట్టింది. పూర్తికాగానే మళ్లీ మొదలుపెట్టారు. 2013లో దోరా గార్సియా ఆ బృందం మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. బల్ల చుట్టూ నెరిసిన తలలు, చేతుల్లో నలిగిపోయి అంచులనిండా పెన్సిల్ రాతలున్న పుస్తకాలు, ఒక పదం మీద అరగంట మాటలు, మధ్యలో నవ్వులు.

కాలిఫోర్నియాలోని వెనిస్‌లో జెర్రీ ఫియాల్కా అనే సినిమా మనిషి 1995లో స్థానిక గ్రంథాలయంలో ఇలాంటి బృందాన్నే కూడగట్టాడు. మొదట్లో నెలకు రెండు పేజీలు చదివేవారు. తర్వాత ఒకే పేజీకి వచ్చారు. మనుషులు మారారు, కొందరు వెళ్లారు, కొత్తవాళ్లు వచ్చారు. బల్ల మాత్రం లేవలేదు. 2023 అక్టోబరులో చివరి పేజీ చేరారు. 28 ఏళ్లు. ఆ తర్వాతి నెలలో మళ్లీ మొదటి పేజీ తెరిచారు.

మళ్లీ మొదలుపెట్టడం వాళ్ల చాదస్తం కాదు, పుస్తకం అడిగే పనే అది. నవల చివరి వాక్యం చుక్క లేకుండా సగంలో ఆగిపోతుంది. దాని మిగతా సగం మొదటి పేజీలో మొదటి వాక్యం. నది సముద్రంలో కలిసి, ఆవిరై, వానై, మళ్లీ కొండ మీద పుట్టినట్టు. ఇలాంటి పుస్తకానికి ‘చదివేశాను’ అన్న మాట అతకదు.

బృందంలో చదివే తీరు చాలా సులువు. ఒకరు కొన్ని పంక్తులు గట్టిగా చదువుతారు. టీకలు వెంటనే తెరవరు. ముందు ఎవరికి ఏం వినిపించిందో చెప్పుకుంటారు. జర్మన్ వచ్చినవాళ్లకు ఒక మాట తగులుతుంది, ఐరిష్ పాటలు తెలిసినవాళ్లకు ఒక రాగం తగులుతుంది. చర్చిలో పెరిగినవాళ్లకు ప్రార్థన వినిపిస్తుంది, పడవ నడిపినవాళ్లకు నీళ్ల మాట వినిపిస్తుంది. ఏమీ తెలియనివాడు అమాయకంగా అడిగిన ప్రశ్న దగ్గర ఒక్కోసారి అందరూ ఆగిపోతారు. అన్ని భాషలు, అన్ని వృత్తులు, అన్ని ఊళ్లు తెలిసిన మనిషి లోకంలో లేడు. ఉన్నది పదిమందిలో తలా కాస్త. జాయిస్ ఆ పదిమందినీ ఒకచోట కూర్చోబెట్టే పుస్తకం రాశాడు.

213వ పేజీ

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి పరాయిది కాదు. గుడి మండపంలోనో రచ్చబండ దగ్గరో ఒకరు భారతం పద్యం రాగం తీసి చదివితే, ఇంకొకరు అర్థం చెబితే, ఊరంతా విని నెలల తరబడి ఒక పర్వం పూర్తిచేసుకున్న జాతి మనది. అక్షరం రానివాళ్లు కూడా ఆ బల్ల దగ్గర పాఠకులే. ఆ భారతమే ఒకరి చేత పూర్తికాలేదు. 11వ శతాబ్దంలో నన్నయ ఆపిన పనిని 13వ శతాబ్దంలో తిక్కన, 14వ శతాబ్దంలో ఎర్రన అందుకున్నారు. స్టీఫెన్స్ చేత తన నవల పూర్తిచేయించాలని జాయిస్ అనుకోవడం ఇంగ్లీషువాళ్లకు వింతగా ఉండొచ్చు, మనకు కాదు. ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ నడిపించిన పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ చదువుకున్న భాషకు రెండర్థాల మాట భయపెట్టేది కాదు. శ్లేష విప్పడానికి పక్కన ఒకరుండాలని మనకు ఎప్పుడో తెలుసు.

అన్నా లివియా అధ్యాయం ఒక చాకిరేవు. లిఫ్ఫీ నది ఈ ఒడ్డున ఒకామె, ఆ ఒడ్డున ఒకామె బట్టలు ఉతుకుతూ ఊళ్లోవాళ్ల మంచీచెడ్డా మాట్లాడుకుంటారు. అన్నా లివియా అన్న పేరే ఆ నదిది. వాళ్ల మాటల్లో ప్రపంచంలోని వందల నదుల పేర్లను జాయిస్ కలిపేశాడు. ఒక నది పక్కన నిలబడి వింటే లోకంలోని నదులన్నీ వినిపించాలని ఆయన కోరిక. సాయంత్రమవుతుంది. గాలి చల్లబడుతుంది. బట్టలు ఆరేసే వేళ. వాన రాకుండా చూడమని ఒకామె దేవుణ్ని వేడుకుంటుంది. ‘దేవుడా, తప్పించు’ అనే ఆ ఇంగ్లీషు మాటలు కలిసిపోయి ఒక నది పేరు అవుతాయి. ఆ పేరు గోదావరి.

213వ పేజీలో ఉంది అది. గోదావరి ఒక నది అని టీక చూసి ఎవరైనా చెప్పగలరు. కానీ వాన పడకూడదని వేడుకునే నోటిలోంచి ఆ పేరు రావడంలో ఉన్న సొగసు, ఆషాఢ శ్రావణాల్లో ఎగువన వానలు పడి ఎర్రనీళ్లు తోసుకొస్తుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది. రేవులో బట్టలు ఆరేసి ఆకాశం వైపు చూసినవాళ్లకు తెలుస్తుంది. జ్యూరిక్‌లో ఐరిష్ పాట తెలిసినవాడు ఎలా నోరు విప్పుతాడో, అలా నోరు విప్పవలసిన చోటు మనకూ ఒకటుంది.

ఆ రేవులో చీకటి పడుతుంది. నది వెడల్పవుతుంది. ఒడ్డున ఉన్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినిపించదు. ఒకరు చెట్టుగా, ఒకరు రాయిగా మారిపోతారు. నీళ్ల చప్పుడు మాత్రం మిగులుతుంది. లియోన్, సూపో, జాయిస్ ఆ చలికాలంలో గంటలకు గంటలు కూర్చుని ఫ్రెంచిలోకి తెచ్చిన పేజీలు ఈ అధ్యాయంలోవే. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. వాళ్ల తర్వాత ఎందరో ఆ పేజీల చుట్టూ కూర్చున్నారు, ఇంకా కూర్చుంటున్నారు. నలుగురు స్నేహితులు, వారానికి ఒక సాయంత్రం, ఒక పేజీ ఉంటే ఆ వరసలో మనమూ కూర్చోవచ్చు. అన్ని పేజీలూ అర్థం కావాలని లేదు. 213వ పేజీ వచ్చినప్పుడు మాత్రం మాట్లాడే వంతు మనది.